అద్వైతం పొందిన కెమెరా

మా సంఘంలో ఇంతవరకు ఎవరూ ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, బందరులో మా గురించి లేనిపోని పుకార్లు తిరుగుతున్నాయి. ఉపాధ్యక్షులు చక్రపాణి గారి కళ్ళజోడు పగిలిన మాట నిజమే. అది ఆయన తన కెమెరాకి తనే కన్ను గుద్దుకోవడం వల్ల పగిలింది.

సంఘం పేరు బందరు స్వహస్త ఫోకస్ ఛాయాగ్రాహక సంఘం. నేను దానికి కార్యదర్శిని. మున్సిపాలిటీలో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఫోటోలు తియ్యడం నాకు అంతంతమాత్రంగానే వచ్చు గానీ, తీర్మానం రాయడంలో నన్ను మించినవాడు కృష్ణా జిల్లాలో లేడు. ఒక సంఘానికి ఈ రెండింటిలో ఏది ముఖ్యమో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మా సిద్ధాంతం చాలా చిన్నది. లెన్సు చుట్టూ ఉండే రింగుని మనిషి తన చేత్తో తిప్పి, తన కంటితో చూసి ఫోకస్ చెయ్యాలి. కెమెరా తనంతట తాను ఫోకస్ చేసుకుంటే అది ఫోటో కాదు. "ఆటో ఫోకస్ అంటే పక్కింటాయన చేత ఉపవాసం చేయించి మనం పుణ్యం రాసుకోవడమేనయ్యా" అని మా అధ్యక్షులు పురాణం నరసింగరావు గారు ప్రతి సమావేశంలోనూ అంటారు. మేం ప్రతిసారీ చప్పట్లు కొడతాం. సభ్యుడు గానీ, సభ్యుని కుటుంబీకులు గానీ ఫోన్‌తో తీసిన ఫోటోలో కనిపించరాదనే నిబంధన అచ్చంగా నా బుర్రలోంచి వచ్చిందే. అది రాసిన రోజున నాకు శాలువా కప్పారు.

సిద్ధాంతం ఒకటే అయినా పార్టీలు రెండు. అధ్యక్షుల వారిదీ నాదీ రేంజ్‌ఫైండర్ పార్టీ. రేంజ్‌ఫైండర్ కెమెరాకి ముందువైపు లెన్సు కాకుండా ఒక పెద్ద గాజు కిటికీ, ఒక చిన్న గాజు కిటికీ ఉంటాయి. పెద్ద కిటికీలోంచి మనిషి మామూలుగా కనబడతాడు. చిన్న కిటికీ పుణ్యాన అదే మనిషి పల్చగా, దెయ్యంలాగా పక్కన ఇంకొకడు కనబడతాడు. రింగు తిప్పుతుంటే ఆ దెయ్యం జరిగి జరిగి మనిషిలో కలిసిపోతుంది. రెండూ ఒకటైతే ఫోకస్ కుదిరినట్టు. దీన్ని అధ్యక్షుల వారు ద్వైతం నశించి అద్వైతం సిద్ధించడం అంటారు. ఆ మాట ఆయన అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరించేది.

చక్రపాణి గారిది ఈవీఎఫ్ పార్టీ. ఈవీఎఫ్ అంటే కెమెరాలో కన్ను పెట్టే చోట బుల్లి టీవీ. లెన్సు చూస్తున్నదే ఆ టీవీలో కనబడుతుంది. ఫోకస్ కుదిరిన చోట ఎర్ర గీతలు మెరుస్తాయి. కావాలంటే ఒక్క కనురెప్పని తాటిచెట్టంత చేసి చూసుకోవచ్చు. చక్రపాణి గారు కంప్యూటర్ సెంటర్ నడిపి మూసేసిన మనిషి కాబట్టి ఆయనకి అదంటే ప్రాణం. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు కనురెప్పని అలా పెంచుకుని చూస్తుండగా, అవతల తాళి కట్టడం అయిపోయి జనం భోజనాలకి లేచారు. కనురెప్ప ఫోటో మాత్రం అద్భుతంగా వచ్చింది. తీరా చూస్తే అది పీట ఖాళీగా ఉందని వచ్చి కూర్చున్న పెళ్ళికొడుకు మేనమామది.

"మేం ఉన్నదాన్ని చూస్తాం, మీరు టీవీ చూస్తారు" అని మేమంటాం. "మీరు పక్కింటి కిటికీలోంచి చూసి మీ ఇంట్లో ఫోటో తీస్తారు" అని వాళ్ళంటారు. ఇలా హాయిగా రోజులు గడుస్తుండగా మా ఆవిడ పళ్ళు కదిలాయి.

మా ఆవిడ పేరు హైమవతి. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పనిచేసి రిటైరయింది. ఆవిడకి పై వరసలో ముందు పళ్ళ మధ్య చిన్న సందు ఉండేది. ఆ సందులోంచి సన్నగా ఈల వేసేది. పెళ్ళయిన కొత్తలో మంగినపూడి సముద్ర స్నానాలకి వెళ్ళినప్పుడు నేను కెమెరాలో తల దూర్చి జనంలో తప్పిపోయాను. నా పేరు పెట్టి పిలవడానికి ఆవిడకి సిగ్గు. అప్పుడు మొదటిసారి వేసింది ఆ ఈల. అప్పట్నుంచీ తిరునాళ్ళలో గానీ, రైల్వే స్టేషన్లో గానీ ఎంతమంది పిలిచినా పలకని నేను ఆ ఈల వినపడితే మాత్రం కెమెరా దించి వెనక్కి తిరిగేవాణ్ణి.

పళ్ళ డాక్టరు షహనాజ్ గారు మా వీధి చివరే ఉంటారు. చూసి, మెల్లగా కదిపి, పెదవి విరిచారు.

"పై వరసంతా తీసెయ్యాలాంటీ. దసరా వెళ్ళాక పెట్టుకుందాం."

"అచ్చు తీసుకుంటారా అమ్మా?" అంది హైమ.

"ఇంత వదులుగా ఉన్నవాటికి అచ్చు తీస్తే అచ్చుతోపాటే ఊడొస్తాయి. మీరు నోరారా నవ్వుతున్న ఫోటో ఒకటి తెండి. పళ్ళు స్పష్టంగా కనపడాలి. కట్టుడు పళ్ళు కట్టేవాడు విజయవాడలో ఉంటాడు, అతనికి పంపిస్తా. అచ్చం అలాగే కడతాడు."

"సందు కూడానా?"

"ఫోటోలో కనపడితే సందు కూడా."

"అయితే ఈల వస్తుందన్నమాట" అని హైమ నా వైపు చూసింది. నేను గర్వంగా నవ్వాను. నాకా ఫోటో ఒక లెక్కా అనుకున్నాను.

ఇంటికొచ్చి ఆల్బమ్‌లన్నీ తిరగేశాం. హైమ లేని పేజీ లేదు, హైమ నవ్విన పేజీ కూడా లేదు. అన్నింటిలోనూ మూతి బిగించుకుని, బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంది.

"అదేవిటి హైమా, ఒక్కదాంట్లోనూ నవ్వలేదు?" అన్నాను.

"నవ్వకేం? మీరు నవ్వమంటారు, నవ్వుతాను. ఉండు ఉండు అంటారు, ఉంటాను. రింగు అటు తిప్పి, ఇటు తిప్పి, మళ్ళీ అటు తిప్పుతారు. ఈలోపు నా నవ్వు వంటింట్లోకెళ్ళి పోపు మాడిపోయిందేమో చూసొస్తుంది."

"ఈసారి తీస్తాగా."

"ఎందుకొచ్చిన గొడవండీ. పక్కింటమ్మాయి ఫోన్‌లో టక్కున తీసిపెడుతుంది."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కార్యదర్శి భార్య ఫోన్ ఫోటోలో! నిబంధన రాసిన చేతులతోనే నేను నా సభ్యత్వం రద్దు చేసుకోవాలి. ఆ మాటే ఆవిడకి చెప్పాను. హైమ నన్నోసారి ఎగాదిగా చూసింది.

"సర్లెండి. పళ్ళు నావి, పరువు మీది. మీరే తియ్యండి" అంది.

ఇంతలో మహర్నవమి వచ్చింది. ఏటా ఆ రోజున కోనేరు సెంటర్ దగ్గర మేడమీద ఉన్న మా సంఘం గదిలో కెమెరాలకి ఆయుధ పూజ చేస్తాం. లారీలకీ కుట్టు మిషన్లకీ ఉన్న భాగ్యం కెమెరాకి మాత్రం ఎందుకుండకూడదు? బల్ల మీద ఎర్రగుడ్డ పరిచి, మధ్యలో సంఘం కెమెరాని పెట్టాం. అది అధ్యక్షుల వారికి మామగారిచ్చిన జర్మనీ రేంజ్‌ఫైండర్. ఫిల్ము కెమెరా. దాని సంరక్షణ బాధ్యత కార్యదర్శిది. గంధం, కుంకుమ పెట్టే బాధ్యత కూడా కార్యదర్శిదే.

నేను గంధం గిన్నె పట్టుకుని, "ఎక్కడ పెట్టమంటారు?" అని అడిగాను.

"లెన్సుకొద్దు, అడ్డం. పెద్ద కిటికీకొద్దు, చూడ్డానికి కష్టం. ఆ చిన్న కన్నుందే, దానికి పెట్టవయ్యా. దిష్టి తగలకుండా ఉంటుంది" అన్నారు అధ్యక్షుల వారు.

నేను భక్తితో చిక్కగా గంధం అద్ది, దాని మీద కుంకుమ దిద్దాను. చూడముచ్చటగా ఉంది. చక్రపాణి గారు తన కెమెరాకి బొట్టు పెట్టనివ్వలేదు. పొడి లోపలికి పోతుందట. నాస్తికుడు అని మా పార్టీ వాళ్ళు గుసగుసలాడారు.

హారతి అయ్యాక అధ్యక్షుల వారు కెమెరా కళ్ళకద్దుకుని, అలాగే ఓసారి అందులోంచి చూశారు. చూసి కదల్లేదు.

"కార్యదర్శీ, ఒకటే కనబడుతోందయ్యా!"

"ఏవిటండీ?"

"దెయ్యం లేదు! రెండో బొమ్మ లేదు! రింగు ముట్టుకోలేదు నేను, అయినా చక్రపాణి ఒక్కడే కనబడుతున్నాడు!"

నేను చూశాను. నిజమే. చక్రపాణి గారు ఒక్కరే. కిటికీ వైపు తిప్పాను, కిటికీ ఒక్కటే. కొబ్బరిచిప్ప దగ్గరికి తెచ్చి చూశాను, అదీ ఒక్కటే. రెండు బొమ్మలు ఒకటైతే ఫోకస్ అని కదా మా సిద్ధాంతం. ఇప్పుడు ఎటు చూసినా ఒకటే. అంటే ఎటు చూసినా ఫోకసే. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కెమెరాకి అద్వైతం సిద్ధించింది" అన్నారు అధ్యక్షుల వారు.

అక్కడికక్కడే అత్యవసర సర్వసభ్య సమావేశం జరిగింది. తీర్మానం నేనే రాశాను. "సంఘ కెమెరా స్వయంసిద్ధ ఏకత్వ స్థితిని పొందినందువల్ల, ఇకమీదట దాని రింగును తిప్పుట అవిశ్వాసముగా పరిగణించబడును" అని. చక్రపాణి గారు లేచి, "లెన్సు మీద దూరం అంకెలున్నాయి కదా, అవి చూసైనా తిప్పొచ్చుగా" అన్నారు. అంకెలు చూడటం పరీక్షలో కాపీ కొట్టడంతో సమానమని మేం ఎప్పుడో తీర్మానించాం. ఆ సంగతి గుర్తుచేసి కూర్చోబెట్టాం.

అప్పటికి ఆ రింగు దూరపు కొండలకి పెట్టే గుర్తు దగ్గర ఆగి ఉంది. బందరు చుట్టుపక్కల కొండలు లేవనుకోండి.

మర్నాడే హైమని డాబా మీద నిలబెట్టి కెమెరా ఎత్తాను. పెద్ద అంచు పట్టుచీర కట్టుకుంది పాపం. ఏదో జోకు వేశాను. నవ్వింది. నోరారా, పళ్ళన్నీ కనపడేలా, ఆ సందుతో సహా నవ్వింది. కెమెరాలో ఒక్క హైమే ఉంది. టక్కున నొక్కాను.

"అప్పుడే అయిపోయిందా?" అని ఆశ్చర్యపోయింది. "ఇంత సులువైన పని ఇన్నేళ్ళూ నన్ను చంపుకు తిన్నారేం?"

నాకు ఛాతీ ఉప్పొంగింది. జీవితంలో మొదటిసారి ఆవిడ నవ్వు పోకముందే నా వేలు కదిలింది.

ల్యాబు నుంచి ప్రింటు వచ్చింది. హైమ దాన్ని చేతిలోకి తీసుకుని, దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది.

"నేనేదండీ?"

"ఇదిగో, మధ్యలో."

"ఈ తెల్లటి ఆవిరా? వెనకాల వాళ్ళ నీళ్ళ ట్యాంకు మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. మూత మీద కాకి కూడా తెలుస్తోంది."

దూరపు కొండలు నునుపంటారు. మా కెమెరాలో దగ్గర మనుషులే నునుపుగా వస్తున్నారు. నాకొక్కడికే కాదు, పూజ తర్వాత ఆ కెమెరాతో తీసిన వాళ్ళందరి ఫోటోలూ అలాగే వచ్చాయి. కెమెరాని అనుమానించే ప్రశ్నే లేదు. మొదట ల్యాబు తప్పన్నాం. తర్వాత ఉప్పుగాలి తప్పన్నాం. చివరికి అధ్యక్షుల వారు ఒక ప్రింటుని అవతలి గోడకి ఆనించి, ఇవతలి గోడ దగ్గర నిలబడి చూసి, "బాగానే ఉందిగా! మనమే మరీ మీద పడి చూస్తున్నాం" అన్నారు. నిజంగానే అక్కణ్ణుంచి బాగుంది. ఫోటోని నిర్ణీత దర్శన దూరం నుంచే చూడాలని తీర్మానించాం. వారం తిరిగేసరికి ఆ దూరం గది చాలక వరండాలోకి, వరండా చాలక మెట్ల మీదికి పాకింది.

హైమ ఫోటోని మెట్ల మీంచి చూసినా మసగ్గానే ఉంది. పళ్ళు తీసే రోజు దగ్గరకొస్తోంది. నేను సంగతి సమావేశంలో పెట్టాను. పెట్టకుండా ఉండాల్సింది. చక్రపాణి గారు ఎగిరి గంతేశారు.

"అధ్యక్షా! రేంజ్‌ఫైండరో, ఈవీఎఫో ఈ విషయంలో తేలిపోవాలి! కార్యదర్శి గారి శ్రీమతి గారి నోరే పరీక్షా వేదిక కావాలి!"

"ఆమోదిస్తున్నాను. ఫోకస్ చెయ్యడానికి ఒక నిర్దిష్ట లక్ష్యం ఉండాలి. శ్రీమతి గారి ముందు పళ్ళ మధ్య గల అవకాశమును సంఘ అధికారిక ఫోకస్ లక్ష్యంగా గుర్తించవలెను" అన్నారు అధ్యక్షుల వారు.

అవకాశం అంటే సందే. తీర్మానంలో సందు అని రాస్తే చులకనగా ఉంటుందని ఆయన అలా మార్పించారు.

ఆదివారం పొద్దున్నే ఉపసంఘం మా ఇంటికొచ్చింది. హైమ అందరికీ ఉప్మా పెట్టి, తనూ రెండు ముద్దలు తిని, కుర్చీలో కూర్చుంది. చక్రపాణి గారు ముక్కాలి స్టాండు వేసి, కెమెరాకి పాత లెన్సు బిగించి, కన్ను పెట్టి పెంచడం మొదలెట్టారు.

"నవ్వండమ్మా. అలాగే. అలాగే. అబ్బే, ఎర్ర గీతలు కుంకుమ మీదికెళ్ళాయి. కుంకుమ తుడుచుకుంటారా?"

"తుడుచుకోను" అంది హైమ, నవ్వుతూనే.

"పోనీలెండి. ఇప్పుడు పెదవి మీదికొచ్చాయి. ఊపిరి పీల్చకండి. పన్ను జరిగిపోతోంది."

"పన్ను కదుల్తుందనే కదా బాబూ, ఈ బాధంతా!"

ఆయన వినలేదు. ఆ టీవీలో ఒక్క పన్ను గోడంత అయింది. ఆ గోడ మీద ఆయన తిరుగుతున్నారు. కాసేపటికి హైమ దవడ నొప్పి పుట్టి నోరు మూసింది. మళ్ళీ తెరిచింది. నవ్వు ఎప్పుడో పోయింది, పళ్ళు బయటపెట్టడం మాత్రం మిగిలింది. ఎప్పటికో ఆయన నొక్కారు. ఫోటోలో ఒకే ఒక్క పన్ను. అంత స్పష్టమైన పన్నుని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. దాని మూల ఇరుక్కున్న ఉప్మా ఆవగింజ మీద వెలుగు పడి మెరుస్తోంది. ఆ పన్ను ఎవరిదో, ఆ మనిషి నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

సంఘం రెండు ఫోటోలనీ పరిశీలించింది. ఏదో ఒకదాన్ని కాదంటే సంఘం చీలిపోతుంది. కాబట్టి రెండూ ఫోకస్‌లోనే ఉన్నాయని ఏకగ్రీవంగా తేల్చింది. డాబా మీద నేను తీసిన ఫోటోని కింద వీధికి అవతల నిలబడి చూస్తే నవ్వు స్పష్టంగా ఉందని ధ్రువపత్రం ఇచ్చింది. దాని మీదా, ఫోటో వెనకా సంఘం సీలు నేనే వేశాను. ఇంకా ఏదైనా లోపం కనపడితే అది చిత్రింపబడిన వ్యక్తిదని తేల్చి, ఆ వ్యక్తికి సంజాయిషీ నోటీసు పంపమన్నారు. నోటీసు కూడా నేనే రాసి, నేనే తీసుకెళ్ళి హైమకి ఇచ్చాను.

"మీ నవ్వు నిలకడగా లేనందుకు మీ మీద ఎందుకు చర్య తీసుకోరాదో తెలుపవలెను" అని గట్టిగా చదివింది హైమ. "చర్యంటే ఏం చేస్తారు, పళ్ళు పీకుతారా?"

నోటీసు అందినట్టు సంతకం పెట్టమని కలం అందించాను.

పళ్ళు తీసే రోజున ఆ రెండు ఫోటోలూ, ధ్రువపత్రమూ పట్టుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. షహనాజ్ గారు ఒక ఫోటో చూసి, రెండోది చూసి, నన్ను చూశారు.

"అంకుల్, ఇదేంటి?"

"మా ఆవిడ నవ్వు."

"ఇది?"

"మా ఆవిడ పన్ను."

"ఈ నవ్వులో సందు కనపట్లేదండీ. పెద్ద తెల్ల గీతలా ఉంది."

"దూరం నుంచి చూడాలి డాక్టరు గారూ. ధ్రువపత్రం ఉంది. సీలు కూడా ఉంది."

ఆవిడ విసుక్కుని తన ఫోను తీశారు. "ఇవన్నీ ఎందుకు, ఆంటీ ఇటు చూసి ఒక్కసారి నవ్వండి" అన్నారు.

హైమ నవ్వబోయింది. నా చెయ్యి అడ్డం వెళ్ళింది. ఫోనుకీ హైమకీ మధ్యకి వెళ్ళి అక్కడే నిలబడింది. "క్షమించండి, మా సంఘం నిబంధన ఒప్పుకోదు" అని నా నోరు అంది. హైమ నా చేతి వైపు చూసింది, నా మొహం వైపు చూడలేదు.

"కానివ్వమ్మా. ఆయన సంతోషం నేనెందుక్కాదనాలి" అని కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచింది.

చిగుళ్ళు మానాక కట్టుడు పళ్ళ సెట్టు వచ్చింది. సందు పెట్టమని డాక్టరు గారు రాసి పంపారట. సీలు వేసిన ఫోటోలో సందు లేదు, సీలు లేని మాట ఎలా నమ్మమంటారని విజయవాడ ఆయన అడిగాడట. నేనైనా అదే అడిగేవాణ్ణి. పళ్ళు తెల్లగా, వరసగా, కొత్తగా సున్నం కొట్టిన పిట్టగోడలా ఉన్నాయి. హైమ పెట్టుకుని అద్దంలో చూసుకుంది. పెదవులు గుండ్రంగా చుట్టి ఈల వెయ్యబోయింది. ఉఫ్ మని గాలొచ్చింది. మళ్ళీ వేసింది. మళ్ళీ గాలే.

"ఎవరి నోరో నా మొహానికి తగిలించుకున్నట్టుందండీ" అంది. నవ్వుతూ అందామనుకుంది గానీ నవ్వు రాలేదు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ నెలలోనే సంఘం వార్షికోత్సవం. ఆ ఏటి ఉత్తమ ఛాయాచిత్రంగా నా డాబా ఫోటో ఎంపికైంది. దానికి అధ్యక్షుల వారు 'అద్వైత హాసం' అని పేరు పెట్టారు. మేడమీద కిటికీలోంచి వీధికేసి తగిలించారు. సభ్యులంతా వీధికి అవతల, సోడా బండి పక్కన నిలబడి, ఎండకి చేతులడ్డం పెట్టుకుని తలలూపారు. బస్సు అడ్డొచ్చినప్పుడల్లా ఆగి మళ్ళీ ఊపారు. చిత్రింపబడిన వ్యక్తిగా హైమని పిలిచి సన్మానం చేశారు. నోటీసు సంగతి అప్పటికి అందరూ మర్చిపోయారు.

చివర్లో గ్రూపు ఫోటో. సంఘం కెమెరాతో నేనే తియ్యాలి. అందర్నీ వరసగా నిలబెట్టి, కన్ను పెట్టి చూస్తున్నాను. హైమ ముందు వరసలోంచి ఏదో చెబుతోంది. నాకు వినపడలేదు. మామూలుగా అయితే ఈల వేసేది. ఇప్పుడు ఆ దారి లేదు కాబట్టి లేచి నా దగ్గరికే నడిచొచ్చింది.

"ఇందాకట్నుంచీ చెబుతున్నా. దీని కంటికేదో మెత్తుకుంది, చూసుకోరేం?" అని కొంగు వేలికి చుట్టి, కాస్త తడి చేసి, ఆ చిన్న కిటికీని శుభ్రంగా తుడిచేసింది. కొంగుకి దసరా నాటి గంధం, కుంకుమ అంటుకున్నాయి.

నేను మళ్ళీ కన్ను పెట్టాను. వరసలో ప్రతివాడి పక్కనా ఒక దెయ్యం నిలబడి ఉంది.

"రెండు కనబడుతున్నాయి!" అని అరిచాను.

అధ్యక్షుల వారు పరిగెత్తుకొచ్చి చూశారు. "అయ్యయ్యో! ఇద్దరు చక్రపాణులు! ఒక్కడితోనే వేగలేకపోతుంటే! అమ్మా, ఎంత పని చేశావు! కెమెరా చెడిపోయింది కదమ్మా!"

"చెడిపోలేదండీ. బొట్టు అడ్డుంది, తుడిచాను. కంటికి గంధం పూస్తే ఎవరికి కనపడుతుంది?" అంది హైమ.

చిన్న కన్ను మూసుకుపోవడం వల్లే దెయ్యం మాయమైందని నాకు అప్పుడు తెలిసింది. అధ్యక్షుల వారి మొహం చూస్తే ఆయనకీ తెలిసిందనిపించింది. కానీ ఆయన వెనక వీధికేసి అద్వైత హాసం వేలాడుతోంది. ఆయన గొంతు సవరించుకున్నారు.

"పవిత్ర చిహ్నమును తొలగించుట వలన కెమెరా తిరిగి ద్వైత స్థితికి పతనమైనది. మంచిరోజు చూసి యథాస్థానంలో బొట్టు పునఃప్రతిష్ఠ చెయ్యాలి. అప్పటిదాకా కెమెరా కార్యదర్శి కస్టడీలో ఉంటుంది. రాసుకోవయ్యా."

నేను రాసుకున్నాను. ఎన్నేళ్ళ అలవాటు, చెయ్యి ఆగదు. ఏకగ్రీవం అని కూడా రాశాను.

మర్నాడు పొద్దున హైమ డాబా మీద బట్టలు ఆరేస్తోంది. సెట్టు నొప్పి పెడుతోందని గ్లాసులో నీళ్ళల్లో వేసి కింద పెట్టొచ్చింది. నేను కెమెరా పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను.

"మళ్ళీ ఏవిటి?" అంది. అని నా మొహం చూసి, నిన్నటి సంగతి గుర్తొచ్చి నవ్వడం మొదలెట్టింది. "ఒక్కడితోనే వేగలేకపోతుంటే ఇద్దరు చక్రపాణులు!" అని నవ్వు. "కెమెరా చెడిపోయింది కదమ్మా!" అని అధ్యక్షుల వారి గొంతు పెట్టి నవ్వు. తడి చీర పట్టుకుని, దండేనికి ఆనుకుని, ఆగకుండా నవ్వుతోంది.

నా కెమెరాలో ఇద్దరు హైమలున్నారు. రింగు తిప్పాను. పల్చటి హైమ మెల్లగా జరిగింది. నవ్వు ఇంకా ఉంది. దాటిపోయింది, వెనక్కి తిప్పాను. నవ్వు ఇంకా ఉంది. ఇద్దరూ ఒకటయ్యారు. నొక్కాను.

ఆ ప్రింటు చూసి నేను ల్యాబులోనే అరిచాను. కనురెప్పలు, నుదుటి ముడతలు, చెవి దగ్గర తెల్ల వెంట్రుకలు, చీరలోంచి కారుతున్న నీటి చుక్క, అన్నీ ఉన్నాయి. ఇన్నేళ్ళకి ఒక్కటి. ఇంటికి పరుగెత్తి, "పద పద, డాక్టరు దగ్గరికి! కొత్త సెట్టు చేయిద్దాం, ఈసారి సందుతో!" అని హైమని చెప్పులైనా సరిగ్గా వేసుకోనివ్వకుండా లాక్కెళ్ళాను. దారంతా ఆవిడ ఏదో చెప్పబోతూనే ఉంది. నేను విననేలేదు.

షహనాజ్ గారు ఫోటో అందుకున్నారు. చాలాసేపు చూశారు. దగ్గరగానే పట్టుకుని చూశారు.

"ఎంత బాగుందంకుల్! ఆంటీ ఎంత బాగా నవ్వారు!" అన్నారు. తర్వాత ఫోటో బల్ల మీద పెట్టి, మెల్లగా అడిగారు. "పళ్ళేవండీ?"

నేను ఫోటో వైపు చూశాను. చిగుళ్ళు. ఒక్కో మడతా తెలిసేంత స్పష్టంగా, పై వరసలో అంచు నుంచి అంచు దాకా వట్టి చిగుళ్ళు. నేను బల్ల పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఫోటోలోంచి కళ్ళు తిప్పుకోలేకపోయాను, తల ఎత్తలేకపోయాను.

వెనక బెంచీ మీద కూర్చున్న హైమ ఈల వెయ్యబోయింది. గాలొచ్చింది.

నేను వెనక్కి తిరిగాను.